నాలుగు అర్థాల్లో ఒక్కటే నిజం

మా మదర్సాలో అస్ర్ నమాజుకూ మగ్రిబ్ నమాజుకూ నడుమ పిల్లలకు విరామం. పెద్దపిల్లలు ఆవరణలో బంతి ఆడుకుంటారు. చిన్నవారు వేపచెట్టు క్రింద చేరి కబుర్లు చెప్పుకుంటారు. వానాకాలంలో ఆవరణ బురదమయం కావడంతో అందరూ వరండాలోనే ఉండవలసి వస్తుంది. అటువంటి ఒక సాయంత్రం, సెలవులకు ఇంటికి వెళ్ళి వచ్చిన ఒక విద్యార్థి, కళాశాలలో చదువుతున్న తన ఆపా వద్ద నేర్చుకున్నానంటూ తోటివారికి ఒక ఆటను పరిచయం చేశాడు. నిఘంటువు ఒకటి, కాగితపు చీటీలు, కలాలు ఉంటే చాలు. ఖర్చు లేదు, అరుపులు లేవు. ఆటలంటే అంతగా ఇష్టపడని మేము కూడా దగ్గరకు వెళ్ళి కూర్చున్నాము.

ఆ ఆట మా విద్యార్థులకు ఎంతో నేర్పింది. వారికంటే ఎక్కువగా మాకు నేర్పింది. అందులో మా పొరపాటు ఒకటి ఉన్నది గనుక, దానిని దాచకుండా పాఠకుల ముందుంచడం మా బాధ్యతగా భావిస్తున్నాము.

ఆట తీరు

అయిదారుగురు కూర్చుంటారు. ఒకరు పెద్దగా వ్యవహరించి, నిఘంటువు నుండి ఎవరికీ తెలియని పదమొకటి ఎన్నుకుని చదువుతారు. దాని అసలు అర్థాన్ని ఆయన ఒక చీటీపై రాసుకుంటారు. మిగిలినవారు తలా ఒక చీటీపై ఆ పదానికి తమకు తోచిన అర్థాన్ని, నిఘంటువులో ఉన్నదేమో అనిపించేటట్లు కల్పించి రాస్తారు. పెద్ద ఆ చీటీలన్నింటినీ కలిపి ఒకే స్వరంతో చదువుతారు. ఏది నిజమో అందరూ ఊహించాలి. సరిగా ఊహించినవారికి మార్కులు. ఎవరి కల్పనను నమ్మి ఇతరులు మోసపోతారో వారికీ మార్కులు.

ఇది పాశ్చాత్య దేశాలలో ఇళ్ళలో చాలాకాలంగా ఆడుకుంటున్న ఆట. ఇంగ్లండులో 1965లో బి.బి.సి. టెలివిజన్ ఇదే పద్ధతిలో ఒక కార్యక్రమం ప్రారంభించింది. 1984లో కెనడాలో ఇది ‘బాల్డర్‌డాష్’ అనే పేరుతో పెట్టెలో అమ్మే ఆటగా వెలువడింది. మా పిల్లలకు ఆ పెట్టెతో పని లేకపోయింది. తెలుగు నిఘంటువు, అరబీ నిఘంటువు రెండూ మా అలమారాలోనే ఉన్నాయి.

మొదటిరోజున వచ్చిన పదం ‘ఎలనాగ’. ఒకడు ‘పాముపిల్ల’ అని రాశాడు. మరొకడు ‘నాగలికి వాడే లేత కర్ర’ అన్నాడు. ఇంకొకడు ‘తమలపాకు తీగ’ అన్నాడు. చివరి చీటీలో ‘యువతి’ అని ఉంది. దానిని ఎవరూ ఎన్నుకోలేదు. ‘నాగ’ అన్న అక్షరాలు చెవినబడగానే అందరి మనస్సూ పాము వైపో, నాగలి వైపో పరుగెత్తింది. అసలు అర్థం మాత్రం యువతియే.

తరువాత తెలుగులో కలిసిపోయిన అరబీ మాటలను తీసుకున్నాము. మన తెలుగులో ఇటువంటివి తక్కువేమీ కావు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1854లో తెలుగులో వాడుకలో ఉన్న మిశ్రభాషా పదాలకే ప్రత్యేకంగా ఒక నిఘంటువు ప్రచురించాడు. వకీలు, జవాబు, హక్కు, తారీఖు, అసలు, నకలు, రద్దు మొదలైన మాటలు లేకుండా మన కచేరీలూ లేవు, బజారులూ లేవు. ‘జిల్లా’ అన్న మాటకు అరబీలో మూలార్థమేమిటని పెద్ద అడిగాడు. ‘పన్ను’, ‘గుర్రపు జీను’, ‘నీడ’, ‘పక్కటెముక’ అని నాలుగు చీటీలు వచ్చాయి. అరబీ రాని చిన్నవారు పన్ను అన్నారు. కాస్త అరబీ వచ్చినవారు నీడ అన్నారు. ఎందుకంటే అరబీలో ‘జిల్’ అంటే నీడ. నిజానికి జిల్లా వేరొక ధాతువుకు, ‘జిల్అ’కు చెందిన మాట. దాని అర్థం పక్కటెముక, ప్రక్క. ఒక దేశంలో ఒక ప్రక్కన ఉన్న భాగం జిల్లా అయింది. తెలుగు లిపిలో ఒకే ‘జ’గా కనబడేవి అరబీలో రెండు వేర్వేరు అక్షరాలు. సగం తెలిసినవాడు ఏమీ తెలియనివాని కంటే తేలికగా మోసపోవడం ఆనాడు మేము కళ్ళారా చూశాము.

కొద్ది రోజులలోనే పిల్లలు మరొక సంగతి కనిపెట్టారు. నిఘంటువు క్లుప్తంగా మాట్లాడుతుంది. కల్పించేవాడు నమ్మించాలనే ఆత్రంతో వర్ణనలు చేరుస్తాడు. ఆ గుట్టు తెలిశాక కల్పించేవారు కూడా క్లుప్తంగానే రాయసాగారు. అప్పుడిక వాక్యం తీరును చూసి నిజాన్ని పట్టడం సాధ్యం కాలేదు. ధాతువు తెలియాలి, వాడుక తెలియాలి. వ్యాకరణ పాఠంలో కునుకుపాట్లు పడే పిల్లలు ధాతువుల కోసం నిఘంటువు తిరగేయడం చూసి మేము సంతోషించాము. ఆ సంతోషంలోనే జాగ్రత్త సడలింది.

జరిగిన పొరపాటు

ఇంత ఉత్సాహం ఉన్నప్పుడు దివ్య ఖుర్ఆన్‌లోని కఠిన పదాలను కూడా ఆటలో చేరిస్తే పిల్లలకు అవి గుర్తుండిపోతాయి గదా అని మాకు తోచింది. ఆరోజు పెద్దగా కూర్చున్నది మేమే. అబస సూరాలోని 31వ ఆయతులో వచ్చే ‘అబ్బ్’ అన్న పదాన్ని ఎన్నుకున్నాము. చీటీలు వచ్చాయి. చదివాము. ‘ఎడారిలో రాత్రివేళ పూసే సువాసన గల పువ్వు’ అని ఒకడు రాసిన అర్థం అందరికీ నచ్చింది. ఏది నిజమో చెప్పేలోగా మగ్రిబ్ అజాన్ వినిపించింది. చీటీలను జేబులో వేసుకుని వుజూకు లేచాము. నమాజు తరువాత పాఠాలు, ఆపైన భోజనాలు. ఆ చీటీల సంగతే మరచిపోయాము.

మూడు వారాల తరువాత, జుమా నమాజు ముగిశాక, ఒక విద్యార్థి తండ్రి మా వద్దకు వచ్చారు. మర్యాదస్తుడు. స్వరం పెంచలేదు. “మౌలానా సాబ్, అబ్బ్ అంటే రాత్రిపూట పూసే పువ్వు అని ఏ తఫ్సీరులో ఉన్నదో చెప్పగలరా? మా అమ్మ అందరికీ చెబుతున్నది. నేను తెలుగు అనువాదం తీసి చూస్తే మేత అని ఉంది” అని అడిగారు.

మాకు నోట మాట రాలేదు. ఆ పిల్లవాడు సెలవురోజున ఇంటికి వెళ్ళి తన దాదీకి ఆ అర్థం చెప్పాడు. వాడు అబద్ధమాడలేదు. అదే నిజమని నమ్మాడు. ఆమె ఇరుగుపొరుగు స్త్రీలకు చెప్పింది. ఆ సాయంత్రమే ఆ తండ్రితో కలిసి వారి ఇంటికి వెళ్ళాము. దాలానంలో మంచంపై కూర్చుని తస్బీహ్ చదువుకుంటున్న ఆ వృద్ధురాలికి జరిగినదంతా చెప్పి, తప్పు పిల్లవానిది కాదు, మాదేనని మనవి చేశాము.

ఆమె కాసేపు మౌనంగా ఉండి ఇలా అన్నది: “చిన్నప్పటినుండీ ఆ సూరా తిలావత్ చేస్తున్నాను మౌలానా. ఒక్క మాటకూ అర్థం తెలియదు. మనుమడు ఒక్క మాటకు అర్థం చెప్పాడని మురిసిపోయి పదిమందికి చెప్పుకున్నాను. ఇప్పుడా పదిమంది ఇళ్ళకూ వెళ్ళి కాదని చెప్పేదెవరు?”

ఆ బాధ్యత మాదేనన్నాము. మరునాడు ఆ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఆమె చెప్పిన ఇళ్ళకు వెళ్ళాము. కొందరు నవ్వారు. కొందరు ఇంత చిన్న విషయానికి వచ్చారా అన్నారు. ఒక ఇంటిలోని తల్లి అప్పటికే కువైట్‌లో ఉన్న కుమార్తెకు ఫోనులో ఆ అర్థం చెప్పేసింది. మా ఎదుటనే మళ్ళీ ఫోను చేసి దిద్దింది. ఆ కుమార్తె మరెవరికి చెప్పిందో, ఆ మాట ఎంతవరకు వెళ్ళిందో అల్లాహ్‌కే తెలుసు.

ఉమర్ (రజి) ఆగిన చోట

ఇంటికి వచ్చాక మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా బాధించిన విషయం వేరొకటి. తఫ్సీరు చదివిన ప్రతి విద్యార్థికీ ఈ పదం గురించిన ఒక సంఘటన తెలుసు. మాకూ తెలుసు. హజ్రత్ ఉమర్ (రజి) ఒకసారి అబస సూరా పఠిస్తూ ఈ పదం వద్దకు వచ్చి, పండ్లంటే మనకు తెలుసు, ఈ అబ్బ్ అంటే ఏమిటి అని తమలో తాము ప్రశ్నించుకున్నారు. వెంటనే, తెలియని దాని వెంటబడి శ్రమించడం అనవసరమైన ప్రయాస అని తమను తామే వారించుకున్నారు. ఆయన అరబ్బు. ఖుర్ఆన్ అవతరించిన భాష ఆయన మాతృభాష. విశ్వాసుల నాయకుడు. అయినా ఊహించి చెప్పలేదు. ఆయన ఊహించడానికి వెనుదీసిన పదాన్నే మేము పిల్లల చేత ఊహింపజేశాము.

తఫ్సీరు విద్యలో గొప్పవారైన హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) సంగతి కూడా ఇటువంటిదే. ‘ఫాతిర్’ అన్న పదానికి సరియైన అర్థం తమకు తెలియలేదనీ, ఒక బావి విషయంలో తగవులాడుకుంటూ వచ్చిన ఇద్దరు పల్లెవాసులలో ఒకడు ఆ బావిని మొదట త్రవ్వినది తానేనని చెప్పడానికి అదే ధాతువును ప్రయోగించగా తమకు అర్థం బోధపడిందనీ ఆయన స్వయంగా చెప్పారు. ఊహ కంటే నిరీక్షణ మేలని వారు ఎంచారు. పదం నిజంగా బ్రతికి ఉన్న చోట, మనుషుల నోట, అది వారికి దొరికింది.

అబ్బ్ అన్న పదానికి అధిక సంఖ్యాకులైన వ్యాఖ్యాతలు పచ్చిక, పశువుల మేత అని అర్థం చెప్పారు. తరువాతి ఆయతులోనే ఇవన్నీ మీకూ, మీ పశువులకూ జీవనోపాధి అన్న భావం వస్తుంది. పండ్లు మనిషికి, పచ్చిక పశువుకు. ఈ మాట ఆ దాదీకి చెప్పినప్పుడు ఆమె పెరటిలోని గేదెల వైపు చూసి తల ఊపింది. కల్పించిన పువ్వు కంటే ఈ గడ్డిలోనే ఆమెకు ఎక్కువ అర్థం కనిపించి ఉంటుందని మా నమ్మకం.

ఇది అబద్ధమా?

ఈ ఆటను పూర్తిగా మాన్పించాలని మా సహోపాధ్యాయులలో కొందరు అన్నారు. వారి మాటకు ఆధారం లేకపోలేదు. ప్రజలను నవ్వించడానికి అబద్ధమాడే వానికి వినాశనం తప్పదని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. పరిహాసానికైనా అబద్ధమాడని వానికి స్వర్గం మధ్యలో గృహం లభిస్తుందన్న శుభవార్త కూడా అబూదావూద్‌లో ఉంది. పిల్లలకు నమ్మించే విద్యను నేర్పి, దానికి మార్కులు వేయడం ఏమిటి అన్నది వారి ప్రశ్న.

మేము ముఫ్తీలం కాము. ఫత్వా ఇవ్వబోవడం లేదు. ఆలోచించినది మాత్రం చెబుతున్నాము. దైవప్రవక్త (స) సైతం చమత్కరించేవారు. స్వారీకి ఒంటెను ఇమ్మని ఒకాయన అడిగితే, ఆడ ఒంటె పిల్లను ఇస్తామన్నారు. పిల్లతో నేనేం చేసుకోనని ఆయన అడగగా, ప్రతి ఒంటే ఒక ఆడ ఒంటెకు పుట్టిన పిల్లే గదా అన్నారు. వినేవాని ఊహ తప్పింది గాని పలికిన మాటలో అసత్యం లేదు. అలాగే, ఆకులు రాలని చెట్టు ఒకటుంది, అది విశ్వాసి వంటిది, అదేమిటో చెప్పండని సహాబాలను ఆయన (స) అడిగారు. అందరూ అడవిచెట్ల గురించి ఆలోచించారు. పిన్నవాడైన ఇబ్నె ఉమర్ (రజి) మనస్సులో అది ఖర్జూర చెట్టేనని తోచింది గాని, పెద్దల ముందు నోరు విప్పడానికి సిగ్గుపడ్డారు. తరువాత తండ్రికి చెప్పినప్పుడు, నీవు చెప్పి ఉంటే నాకెంతో ప్రీతికరంగా ఉండేదని ఉమర్ (రజి) అన్నారు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) ఈ హదీసును విద్యాప్రకరణంలో చేర్చారు. ఊహింపజేసి నేర్పడం మన సంప్రదాయంలో ఉన్నదేనని దీనివల్ల తెలుస్తుంది.

కల్పన విషయానికి వస్తే, మా దర్సె నిజామీలో అరబీ సాహిత్యానికి హరీరీ రచించిన మఖామాత్ బోధిస్తారు. అందులోని సంఘటనలన్నీ కల్పితాలే. జంతువుల నోట మాటలు పలికించే నీతికథల వలె తన కథలనూ చూడవలసినదిగా హరీరీ పీఠికలోనే మనవి చేసుకున్నాడు. అది కల్పన అని చెప్పేవానికీ వినేవానికీ ఇద్దరికీ తెలుసు. అబద్ధంలో అది చెప్పేవానికి మాత్రమే తెలుస్తుంది. మా ఆటలో చీటీలు చదివేటప్పుడు అందరికీ తెలుసు. ఆ పిల్లవాడు దాదీ ఎదుట కూర్చున్నప్పుడు ఎవరికీ తెలియదు. ఆట అక్కడికి చేరేసరికి ఆటగా మిగలలేదు.

అరబీ అభ్యసించిన వారందరికీ ‘ఖున్‌ఫుషార్’ కథ తెలుసు. ఏ పదమడిగినా తడుముకోకుండా అర్థం చెప్పే పెద్దమనిషి ఒకడుండేవాడు. అనుమానం వచ్చిన మిత్రులు తలా ఒక అక్షరం చెప్పి, వాటిని కలిపి ఖున్‌ఫుషార్ అన్న లేని పదాన్ని తయారుచేసి అడిగారు. అది యమన్ ప్రాంతంలో మొలిచే సువాసన గల మొక్క అనీ, దాన్ని మేసిన ఒంటె పాలు గడ్డకడతాయనీ అతడు వెంటనే చెప్పాడు. సాక్ష్యంగా ఒక కవిని ఉదహరించాడు. ఒక వైద్యుణ్ణి ఉదహరించాడు. ఇక దైవప్రవక్త (స) పేరు ఎత్తబోగా, మిత్రులు అతని నోరు మూయించి, అందరిపైనా అబద్ధమాడావు, ఆయనపై మాత్రం ఆడవద్దన్నారు. నవ్వుకోవడానికి చెప్పుకునే కథే ఇది. అయితే ఆ మిత్రులు నవ్వుతూ కూడా ఎక్కడ ఆపాలో ఎరిగినవారు. మేము ఆ గీతను గుర్తించలేదు.

కలిపినదాన్ని తిరిగి విడదీయడం

ఈ ఆటను తలచినప్పుడల్లా మాకు బగ్దాదులో ఇమామ్ బుఖారీ (రహ్మలై)కి జరిగిన పరీక్ష గుర్తుకు వస్తుంది. అక్కడి హదీసువేత్తలు నూరు హదీసులను తీసుకుని, ఒకదాని ఉల్లేఖకుల పరంపరను మరొకదాని పాఠానికి తగిలించి, పదిమందికి పదేసి చొప్పున పంచారు. నిండు సభలో వారు ఒకరి తరువాత ఒకరు లేచి వాటిని వినిపించారు. ప్రతిదానికీ ఆయన ఇది నాకు తెలియదనే అన్నారు. తెలియనివారు ఈయనకేమీ రాదనుకున్నారు. పదిమందీ ముగించాక, ఆయన మొదటివానితో మొదలుపెట్టి, నీవు చదివినది ఇలా, సరియైనది ఇలా అంటూ నూరింటినీ వాటి స్థానాలకు చేర్చారు.

మేము ఇదివరలో ఈ సంఘటనను జ్ఞాపకశక్తికి ఉదాహరణగా చెప్పేవారము. ఇప్పుడు మరొక సంగతి కనబడుతున్నది. ఆ సభ నుండి ఒక్క తారుమారు హదీసు కూడా బయటికి పోలేదు. అన్నీ సరిదిద్దబడిన తరువాతనే ప్రజలు లేచారు. మా వరండాలో జరగనిది అదే.

నేడు ప్రతి ఇంటిలోనూ ఫోను ఉంది. వాట్సాప్‌లో ఫలానా సూరా ఇన్నిసార్లు చదివితే ఫలానా లాభమనీ, ఫలానా పదానికి ఫలానా రహస్యార్థమనీ రోజూ సందేశాలు వస్తున్నాయి. పంపేవారిలో చాలామంది ఆ దాదీ వంటి సజ్జనులే. నమ్మి, పుణ్యమనుకుని పంపుతారు. వాటిని దిద్దడానికి ఇల్లిల్లూ తిరిగేవారు లేరు.

మేము పెట్టుకున్న నియమాలు

ఆటను మేము మాన్పించలేదు. నాలుగు నియమాలు పెట్టుకున్నాము. ఇళ్ళలో పిల్లలతో ఆడదలచిన తల్లిదండ్రులకు ఇవి ఉపయోగపడవచ్చు.

మొదటిది: ఖుర్ఆన్, హదీసు, ధర్మశాస్త్ర పదాలు ఈ ఆటలోకి రాకూడదు. బజారు మాటలు, పొలం మాటలు, కచేరీ మాటలు, పాత తెలుగు మాటలు కావలసినన్ని ఉన్నాయి.

రెండవది: ప్రతిసారీ చీటీలు చదివే ముందు, వీటిలో ఒకటే నిజం, మిగిలినవి మా కల్పనలు అని పెద్ద బిగ్గరగా చెప్పాలి. ఆలస్యంగా వచ్చి కూర్చున్నవానికి కూడా ఆ మాట వినబడాలి.

మూడవది: నిజమైన అర్థం చదివి, అందరూ నోటుపుస్తకంలో రాసుకుని, కల్పన చీటీలను చించివేసిన తరువాతనే లేవాలి. అజాన్‌కు పది నిమిషాలే ఉంటే కొత్త పదం మొదలుపెట్టకూడదు.

నాల్గవది: ఇతరులను మోసగించినందుకు మార్కులు లేవు. సరియైన అర్థాన్ని ఎన్నుకుని, ఎందుకు ఎన్నుకున్నాడో కారణం చెప్పినవానికి రెండు మార్కులు. ‘నాకు తెలియదు’ అన్నవానికి ఒక మార్కు. ఊహించి తప్పినవానికి ఏమీ లేదు.

ఈ చివరి నియమంతో ఆట రుచి తగ్గిందని పిల్లలు గొణిగారు. కొంత తగ్గిన మాట నిజమే. అప్పుడు వారికి ఇమామ్ మాలిక్ (రహ్మలై) గురించి చెప్పాము. ఒక సభలో ఆయనను నలభై ఎనిమిది ప్రశ్నలు అడగగా, ముప్పై రెండింటికి ‘నాకు తెలియదు’ అన్నారని చూసినవారు ఉల్లేఖించారు. మా లెక్క ప్రకారం ఆయనకు ఆ ఒక్క సభలోనే ముప్పై రెండు మార్కులు వచ్చి ఉండేవని ఒక పిల్లవాడు అన్నాడు. అందరూ నవ్వారు. ఆనాటినుండి ఆ మాట చెప్పడానికి సిగ్గుపడేవారు తగ్గారు.

మొన్న ఒక సాయంత్రం ‘రైతు’ అన్న పదం వచ్చింది. అది అరబీలోని ‘రఇయ్యత్’ నుండి వచ్చిన మాట. దున్నేవాడని, భూమి గలవాడని, పన్ను కట్టేవాడని చీటీలు వచ్చాయి. అసలు అర్థం మంద. కాపరి సంరక్షణలో ఉన్నవారని, పాలకుని ఏలుబడిలోని ప్రజలని దాని భావం. మీలో ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరినీ తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నించడం జరుగుతుందన్న ప్రసిద్ధ హదీసులో ఉన్నది ఈ పదమే. ఆట ముగిసిన తరువాత, పుస్తకాలు మూసి, పాఠంగా వారికి ఈ విషయం చెప్పాము. రైతు బిడ్డ ఒకడు తన తండ్రి వృత్తి పేరు హదీసులోని పదమేనని తెలిసి ఆశ్చర్యపోయాడు. ఈసారి ఆ మాట ఇంటికి తీసుకువెళ్ళమని మేమే చెప్పాము.

మా రఇయ్యత్‌లో ఆ పిల్లలున్నారు, వారి నోటి ద్వారా వినే దాదీలు ఉన్నారు, కువైట్‌లో ఫోను ఎత్తే కుమార్తెలు ఉన్నారు. మా వరండా నుండి వెళ్ళే ప్రతి మాటకూ మమ్మల్ని ప్రశ్నించడం జరుగుతుంది. తెలిసినది తెలిసినంతవరకే చెప్పే ధైర్యాన్ని, తప్పు జరిగినప్పుడు ఇంటింటికీ వెళ్ళి దిద్దుకునే వినయాన్ని అల్లాహ్ మాకూ, మన పిల్లలకూ ప్రసాదించుగాక. ఆమీన్.